పదో తరగతి సోషల్‌లో కమ్యూనిజం పాఠం: పాత నల్గొండ జిల్లా హైస్కూల్ నుంచి ఒక కేస్ స్టడీ

కమ్యూనిజం గురించి గవర్నమెంట్ స్కూల్లో చెప్పడం కష్టం అని తోటి సోషల్ టీచర్లు అంటుంటారు. కష్టమే, కానీ పాఠం అర్థం కాక కాదు, పాఠం మొదలుపెట్టకముందే బెంచీల్లో కూర్చున్న పిల్లల ఇళ్ళల్లో ఎవరి అభిప్రాయం వాళ్ళకి గట్టిగా ఉండటం వల్ల. మా వైపు అయితే ఇంకా ఎక్కువ. నేను పని చేసేది సూర్యాపేట వైపు ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో, సోషల్ స్కూల్ అసిస్టెంట్‌ని. మా ఊళ్ళ చుట్టుపక్కల సంఘం (నిజాం కాలంలో దొరల మీద పోరాడిన ఆంధ్ర మహాసభని జనం అలాగే పిలుస్తారు) జ్ఞాపకాలు ఇంకా పోలేదు, ఎర్రజెండా దిమ్మెలు రోడ్డు మీదే కనిపిస్తాయి, అదే ఊళ్ళో దొరల ఇంటి వారసుల పిల్లలు కూడా ఉంటారు, వలసకూలీల పిల్లలు ఉంటారు, ఇద్దరూ ఒకే క్లాసులో పక్కపక్కనే. అలాంటి క్లాసులో ఈ పాఠం ఎలా నడిపాను, ఏం పని చేసింది, ఎక్కడ గొడవయింది అనేది వివరంగా రాస్తున్నా, ఎవరికైనా ఉపయోగపడితే చాలు.

నా వాదన ముందే చెప్పేస్తా. ఈ పాఠాన్ని సిద్ధాంతంగా చెప్తే పిల్లలు నిద్రపోతారు, మంచా చెడా అని చెప్తే ఇళ్ళల్లో గొడవ అవుతుంది. జనం కష్టం ఏంటి, ఏం చేస్తామని వచ్చారు, వచ్చాక ఏం జరిగింది అనే వరుసలో రష్యాని, మన ఊరిని పక్కపక్కన పెట్టి చెప్తే పిల్లలు వాళ్ళంతట వాళ్ళే ఆలోచిస్తారు. కష్టం దాచకూడదు, చావులు దాచకూడదు. రెండిట్లో ఏది దాచినా అది పాఠం కాదు, ప్రచారం.

తెలంగాణ స్టేట్ సిలబస్‌లో ఇది ఒకే చోట ఉండదు. ఎనిమిదో తరగతిలో హైదరాబాద్ రాజ్యంలో స్వాతంత్ర్యోద్యమం దగ్గర కాస్త, తొమ్మిదిలో పారిశ్రామికీకరణ, సామాజిక నిరసనల దగ్గర కాస్త, పదిలో రెండు ప్రపంచ యుద్ధాల మధ్య కాలం చెప్పేటప్పుడు రష్యా విప్లవం, ఆ తర్వాత వలస దేశాల విముక్తి పోరాటాల్లో చైనా, వియత్నాం. ముక్కలు ముక్కలుగా ఉంది కాబట్టి పిల్లలకి కలిపి చూసే అవకాశమే రాదు. ఎనిమిదిలో చదివిన వెట్టిచాకిరీకీ పదిలో చదివే లెనిన్‌కీ సంబంధం ఉందని చాలామందికి తెలీకుండానే ఎస్‌ఎస్‌సీ అయిపోతుంది.

ముందు వాళ్ళకి ఏం తెలుసో చూశా

పుస్తకం తెరవకముందు అందరికీ చిన్న చీటీలు ఇచ్చి "కమ్యూనిస్టు అంటే ఎవరు" అని రాయమన్నా, పేరు రాయక్కర్లేదు అని చెప్పా. వచ్చిన జవాబులు: ఎర్రజెండా వాళ్ళు, అన్నలు, అడవిలో ఉండేటోళ్ళు, హమాలీ యూనియన్, చైనా వాళ్ళు, దేవుణ్ణి నమ్మనోళ్ళు, ధర్నా చేసేటోళ్ళు. ఒక చీటీలో ఒక్కటే మాట, "మా తాత".

ఈ చీటీలు చూశాక మొదటి పీరియడ్ మొత్తం దీనికే పెట్టా, ఎందుకంటే అన్నిటినీ కలిపేసిన బుర్రలోకి రష్యా ఎక్కదు. 1925లో కాన్పూర్‌లో పార్టీ మహాసభ, 1964లో సీపీఐ నుంచి సీపీఎం విడిపోవడం, 1967లో బెంగాల్‌లో నక్సల్బరీ, 2004లో మావోయిస్టు పార్టీ ఏర్పడటం, ఈ నాలుగు సంవత్సరాలు బోర్డు మీద గీత గీసి పెట్టా. ఎలక్షన్లలో నిలబడే వాళ్ళు ఎవరు, ఎలక్షన్లే వద్దన్న వాళ్ళు ఎవరు అని విడగొట్టా. బస్టాండ్ దగ్గర హమాలీలకి ఎర్రజెండా ఎందుకుందో, అది ట్రేడ్ యూనియన్ అని, వాళ్ళకీ అడవిలో తుపాకీ పట్టిన వాళ్ళకీ తేడా ఉందని అప్పుడు అర్థమైంది. ఒకబ్బాయి "అట్లయితే మా నాయన యూనియన్ల ఉన్నడు గానీ నక్సలైట్ కాదు కదా మేడం" అన్నాడు, వాడి మొహంలో రిలీఫ్ కనిపించింది. ఆ పిల్లాడు ఆ అనుమానం ఎన్నాళ్ళ నుంచి మోస్తున్నాడో.

నాలుగు కాలమ్‌ల నోట్‌బుక్

ప్రతి ఒక్కరూ నోట్‌బుక్‌లో రెండు పేజీలు కలిపి నాలుగు కాలమ్‌లు గీసుకోవాలి. కష్టం ఏంటి, ఏం చేస్తామన్నారు, ఏం జరిగింది, ఈ మాట ఎవరు చెప్తున్నారు. నాలుగోది చాలా ముఖ్యం. పుస్తకమా, పార్టీ వాళ్ళా, సర్కారా, ఇంట్లో ముసలోళ్ళా, ఎవరు చెప్పారో రాయకుండా మూడో కాలమ్ నింపకూడదు అని రూల్ పెట్టా.

రష్యాకి మొదటి కాలమ్ ఈజీగా నిండింది. జనాభాలో 85 శాతం దాకా వ్యవసాయం మీద బతికేవాళ్ళు, ఫ్యాక్టరీల్లో రోజుకి 10 నుంచి 12 గంటల పని, చిన్న వర్క్‌షాపుల్లో ఒక్కోసారి 15 గంటలు, 1905లో జార్‌కి అర్జీ ఇద్దామని ఊరేగింపుగా వెళ్ళిన కార్మికుల మీద కాల్పులు, ఆ తర్వాత ప్రపంచ యుద్ధం, రొట్టెల కోసం క్యూలు. రెండో కాలమ్‌లో శాంతి, భూమి, రొట్టె. పిల్లలు ఇక్కడిదాకా పూర్తిగా విప్లవం వైపే ఉంటారు, ఎవరైనా ఉంటారు.

మూడో కాలమ్ దగ్గర నేను స్పీడ్ తగ్గించా. మా పుస్తకంతో పాటు ఎన్‌సీఈఆర్‌టీ తొమ్మిదో తరగతి హిస్టరీలో రష్యా విప్లవం పాఠం జిరాక్స్ తీసి పంచా, ఎందుకంటే అందులో లెక్కలు స్పష్టంగా ఉన్నాయి. 1917 నవంబర్‌లో రాజ్యాంగ సభకి ఎలక్షన్లు పెడితే బోల్షెవిక్‌లకి, అంటే లెనిన్ పార్టీకి, మెజారిటీ రాలేదు, 1918 జనవరిలో ఆ సభ వాళ్ళ నిర్ణయాలు ఒప్పుకోకపోతే లెనిన్ సభనే రద్దు చేశాడు. ఈ ఒక్క వాక్యం దగ్గర క్లాసు ఆగిపోయింది. "ఎలక్షన్ పెట్టిందీ వాళ్ళే, ఓడిపోయి మూసేసిందీ వాళ్ళేనా" అని ఒకమ్మాయి అడిగింది. దాన్ని అలాగే మూడో కాలమ్‌లో రాసుకోమన్నా.

తర్వాత 1929 నుంచి స్టాలిన్ సమిష్టి వ్యవసాయం. ఇది పట్నం పిల్లలకి చెప్పడం వేరు, మా పిల్లలకి చెప్పడం వేరు, ఎందుకంటే వీళ్ళ ఇళ్ళల్లో బర్రెలు ఉన్నాయి, పొద్దున్నే పాల కేంద్రానికి పాలు పోసి స్కూల్‌కి వచ్చే పిల్లలు ఉన్నారు. భూమి, పశువులు అన్నీ సమిష్టి క్షేత్రానికి ఇచ్చేయాలన్నప్పుడు రైతులు ఎదురు తిరిగి పశువుల్ని చంపేసుకున్నారు, 1929 నుంచి 1931 మధ్య దేశంలో పశువుల సంఖ్య మూడో వంతు తగ్గిపోయింది అని చదివితే క్లాసంతా నిశ్శబ్దం. "బర్రెని ఇయ్యాల్సొస్తదని కోసుకున్నరా మేడం? మా అమ్మ అయితే ఏడ్చి సచ్చేది" అన్నాడొకడు. నాలుగు మిలియన్లు అంటే 40 లక్షలు, అంతకంటే ఎక్కువమంది ఆ కరువులో చచ్చిపోయారు అనే లెక్క వాడికి ఆ బర్రె దగ్గర్నుంచే అర్థమైంది. పంట సరిగ్గా రాకపోవడం ఒక్కటే కారణం కాదు, ఉన్న ధాన్యాన్ని కూడా సర్కారు కోటా కింద లాక్కుపోయింది, ఉక్రెయిన్, కజకిస్తాన్ లాంటి చోట్ల ఎక్కువ నష్టం జరిగింది అని చెప్పా. 1939 నాటికి 20 లక్షల మందికి పైగా జైళ్ళల్లో, లేబర్ క్యాంపుల్లో ఉన్నారు అనేది కూడా అదే పాఠంలో ఉంది, అది కూడా రాయించా.

అలాగే పంచవర్ష ప్రణాళికల్లో బొగ్గు, ఉక్కు, చమురు ఉత్పత్తి బాగా పెరగడం, కార్మికుల, రైతుల పిల్లలు కాలేజీ మెట్లు ఎక్కడం, ఆడవాళ్ళు పనికి వెళ్ళడానికి వీలుగా ఫ్యాక్టరీల్లో శిశు కేంద్రాలు పెట్టడం, ఇవీ అదే కాలమ్‌లోకి వచ్చాయి. ఒకే కాలమ్‌లో రెండూ ఉంటే పిల్లలకి మొదట చిరాకు పుడుతుంది, "మరి ఫైనల్‌గా మంచిదా కాదా చెప్పండి మేడం" అంటారు. నేను చెప్పలేదు. పరీక్షలో ఆ ప్రశ్న అలా రాదు, జీవితంలో అయితే అసలే రాదు అన్నా.

మన ఊరి కాలమ్

ప్రాజెక్ట్ వర్క్ కింద పిల్లల్ని ఇంట్లో పెద్దవాళ్ళతో మాట్లాడి రాసుకు రమ్మన్నా. ఎనభై, తొంభై ఏళ్ళ వాళ్ళు ఇంకా ఒకరిద్దరు ఉన్నారు, మిగతా ఇళ్ళల్లో విన్న మాటలు. వెట్టి గురించి రాయని పిల్లలు లేరు. చాకలి, మంగలి, కుమ్మరి, మాదిగ, ఎవరి వెట్టి వాళ్ళకి ఉండేది, గింజలు అప్పు తీసుకుంటే నాగు కింద ఒకటికి ఒకటిన్నర కొలవాలి, గడీ (దొర కోటలాంటి ఇల్లు) ముందు నుంచి చెప్పులేసుకుని నడవకూడదు. ఒక పిల్ల వాళ్ళ ముత్తవ్వ చెప్పింది చెప్పినట్టు రాసుకొచ్చింది: "పురుడు పోసుకున్న మూడో దినమే గడీల ఒడ్లు దంచవోయిన, పాలకు పిల్ల ఏడ్సినా రానియ్యలే." ఆ రెండు లైన్లు క్లాసులో చదివించాక వెట్టిచాకిరీకి నిర్వచనం నేను వేరే చెప్పాల్సిన పని పడలేదు.

ఆ తర్వాత పుస్తకం. 1944లో భువనగిరి మహాసభ, రావి నారాయణరెడ్డి అధ్యక్షుడు, అక్కడ ఆంధ్ర మహాసభ చీలిపోయి కమ్యూనిస్టుల చేతికి రావడం, పాలకుర్తిలో చాకలి ఐలమ్మ తన పంట కోసం విసునూరు దేశ్‌ముఖ్‌కి ఎదురు నిలబడటం, 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య కాల్పుల్లో చనిపోవడం. పాలకుర్తి, కడవెండి అప్పుడు నల్గొండ జిల్లాలోనే ఉండేవి, ఇప్పుడు జనగామ జిల్లా. 1948 ఆగస్టులో బైరాన్‌పల్లిలో రజాకార్లు చేసిన మారణకాండ, సెప్టెంబర్‌లో పోలీసు చర్య పేరుతో భారత సైన్యం హైదరాబాద్ రాజ్యంలోకి రావడం, ఆ తర్వాత పోరాటం నిజాం మీద కాకుండా భారత సైన్యం మీద సాగడం, 1951 అక్టోబర్‌లో విరమణ.

మూడో కాలమ్‌లో ఇక్కడ కూడా రెండు రకాలూ రాయించా. 3 వేల గ్రామాలు, 10 లక్షల ఎకరాల పంపిణీ, 4 వేల మంది చనిపోవడం అనేవి కమ్యూనిస్టు పార్టీ చెప్పిన లెక్కలు, కాబట్టి నాలుగో కాలమ్‌లో పార్టీ అని రాయాలి. పార్టీ సాయుధ దళాల చేతిలో దొరలే కాదు, ఇన్ఫార్మర్ అనే అనుమానంతో మామూలు మనుషులు కూడా చనిపోయారు, అదీ రాయాలి. పోలీసు చర్య తర్వాత తుపాకీ దించాలా వద్దా అని పార్టీలోనే పెద్ద గొడవ జరిగింది, రావి నారాయణరెడ్డి లాంటి నాయకుడే కొనసాగించొద్దన్నాడు. ఇది పిల్లలకి చాలా కొత్త, ఒక పార్టీ అంటే అందరూ ఒకే మాట మీద ఉంటారు అనుకుంటారు కదా.

ఇప్పుడు రెండు పేజీలు పక్కపక్కన పెట్టమన్నా. రష్యాలో 1918లో ఎలక్షన్‌లో ఓడి సభ మూసేశారు. ఇక్కడ 1951లో తుపాకీ దించి 1952 ఎలక్షన్లలో పీడీఎఫ్ (పీపుల్స్ డెమోక్రటిక్ ఫ్రంట్) పేరుతో నిలబడ్డారు, రావి నారాయణరెడ్డి నల్గొండ నుంచి నెహ్రూ కంటే ఎక్కువ ఓట్లతో లోక్‌సభకి వెళ్ళాడు. జెండా ఒకటే, దారులు రెండు. "వీళ్ళు గూడ ఓడిపోయి ఉంటే ఏం చేసేటోళ్ళు మేడం?" అని ఒకడు అడిగాడు, పక్కవాడే జవాబు చెప్పాడు, "తర్వాత చాలాసార్లు ఓడిపోయిన్రు గదరా, మళ్ళ నిలవడుతనే ఉన్నరు" అని. ఈ పాఠం మొత్తంలో నాకు బాగా నచ్చిన మాటలు ఇవే, నేను చెప్పించినవి కావు.

ఇంకొకటి చెప్పాలి. ఒకమ్మాయి వాళ్ళ ఇంట్లో ట్రంకుపెట్టె నుంచి 38-ఇ సర్టిఫికెట్ జిరాక్స్ తెచ్చింది. 1950 హైదరాబాద్ టెనెన్సీ చట్టం కింద రక్షిత కౌలుదారుకి హక్కు ఇచ్చే కాగితం, మా వైపు భూమి తగాదాలున్న ప్రతి ఇంట్లో ఈ పేరు తెలుసు గానీ అది ఎక్కడి నుంచి వచ్చిందో పిల్లలకి తెలీదు. దాని మీద మంచి చర్చ నడిచింది. భూమి ఇచ్చింది సంఘమా సర్కారా? సంఘం పంచిన భూముల్లో చాలావరకు పోలీసు చర్య తర్వాత మళ్ళీ దొరల చేతికే పోయాయి, కాగితం ఇచ్చింది సర్కారు చట్టం, కానీ పోరాటం లేకపోతే ఆ చట్టం 1950లో వచ్చేదా? 1951 ఏప్రిల్‌లో వినోబా భావే పోచంపల్లి వచ్చినప్పుడు అక్కడి భూస్వామి వెదిరె రామచంద్రారెడ్డి భూమి లేనివాళ్ళకి 100 ఎకరాలు ఇచ్చాడు, అది దాతృత్వమా, చుట్టూ నడుస్తున్న పోరాటం ప్రభావమా? క్లాసు రెండుగా చీలింది, దొరల ఇంటి వారసుడైన పిల్లాడు "మా తాతలు గూడ కొంత భూమి ఇష్టంతోనే ఇచ్చిన్రు" అన్నాడు. వాడి మాట కూడా నాలుగో కాలమ్‌లో "ఇంటివాళ్ళు చెప్పింది" అని రాసుకోమన్నా, ఎవరూ నవ్వకుండా చూసుకున్నా. ఆ పిల్లాణ్ణి ముత్తాతలు చేసినదానికి బోనులో నిలబెట్టడం నా పని కాదు, అలాగని వెట్టి గురించి వాడి ముందు మెత్తగా చెప్పడమూ నా పని కాదు.

గొడవలు

రెండు వచ్చాయి, రెండు వైపుల నుంచీ. ఒక నాన్న హెచ్‌ఎం గారి రూమ్‌కి వచ్చి "పిల్లలకు పార్టీ క్లాసులు చెప్తున్నరంట, ఫీజు కట్టలేక గవర్నమెంట్ బడికి పంపితే ఇదేంది" అన్నాడు. కొన్నాళ్ళకి ఊళ్ళో ఒక యూనియన్ పెద్దమనిషి రోడ్డు మీద ఆపి "మేడం, అమరుల గడ్డ మీద పిల్లలకు స్టాలిన్ గురించి గట్ల చెప్తరా" అని బాధపడ్డాడు. ఇద్దరికీ నేను చూపించింది ఒకటే, పిల్లల నోట్‌బుక్. ఆ నాన్న వాళ్ళబ్బాయి నోట్‌బుక్‌లో కరువు చావుల లెక్క చూసి మెత్తబడ్డాడు, ఆ పెద్దాయన ముత్తవ్వ మాటలు చదివి చాలాసేపు ఏం మాట్లాడలేదు, తర్వాత "నేనొచ్చి చెప్తా పిల్లలకు" అన్నాడు. పార్టీ మనిషిని క్లాసుకి పిలవడం కుదరదు, 1964 నాటి ప్రభుత్వ ఉద్యోగుల కాండక్ట్ రూల్స్ ప్రకారం మేము రాజకీయాల్లో పాల్గొనకూడదు, అది ఆయనకి మర్యాదగానే చెప్పా. కావాలంటే పిల్లలే మీ ఇంటికొచ్చి మాట్లాడి రాసుకుంటారన్నా, సరే అన్నాడు.

పాఠం చివర్లో ఏమనుకోవాలో ముందే పైనుంచి రాసిచ్చే పద్ధతి ఎక్కడున్నా నాకు నచ్చదు. అమెరికాలో ఫ్లోరిడా రాష్ట్రం 2024లో చట్టం చేసింది, 2026-27 నుంచి స్కూళ్ళల్లో కమ్యూనిజం చరిత్ర చెప్పాలి, అందులో 20వ శతాబ్దంలో అది అమెరికాకి, దాని మిత్రదేశాలకి పెరుగుతూ వచ్చిన ముప్పు అనే విషయం కూడా ఉండాలి అని. మన తెలుగు వాళ్ళ పిల్లలు కూడా చాలామంది ఆ స్కూళ్ళల్లో చదువుతున్నారు. చావుల గురించి చెప్పాలనడం న్యాయమే, నేనూ చెప్తున్నా, కానీ ముగింపు ముందే ఫిక్స్ చేస్తే పిల్లాడు ఆధారం చూడటం మానేస్తాడు. దీనికి సోవియట్ యూనియన్ కన్నా పెద్ద ఉదాహరణ లేదు. అక్కడ దశాబ్దాల పాటు ముగింపు రాసిపెట్టే చరిత్ర చెప్పారు, చివరికి 1988లో గోర్బచేవ్ టైమ్‌లో, పుస్తకాల్లో ఉన్నది నమ్మలేం అని స్కూళ్ళల్లో హిస్టరీ ఫైనల్ పరీక్షలే రద్దు చేయాల్సి వచ్చింది. ఈ సంగతి చెప్తే మా పిల్లలు ఎగిరి గంతేశారు, పరీక్ష రద్దయినందుకు. ఎందుకు రద్దయిందో వివరించాక మాత్రం సీరియస్‌గా విన్నారు.

పీఠిక ప్రశ్న

పుస్తకం మొదట్లోనే రాజ్యాంగ పీఠిక ఉంటుంది, రోజూ కళ్ళ ముందు ఉండేదే. ఒకమ్మాయి అందులో సామ్యవాద అనే మాట మీద వేలు పెట్టి "మనం గూడ కమ్యూనిస్టు దేశమేనా మేడం" అంది. ఈ ప్రశ్న మీ క్లాసులోనూ వస్తుంది, రెడీగా ఉండండి. ఆ మాట 1976లో 42వ సవరణతో చేరింది, 2024 నవంబర్‌లో సుప్రీంకోర్టు ఆ మాటని తీసేయడానికి ఒప్పుకోలేదు. పంచవర్ష ప్రణాళికల ఆలోచన సోవియట్ నుంచి వచ్చిందే గానీ, మన దగ్గర ప్రైవేటు ఆస్తి ఉంది, ఎన్నో పార్టీలు ఉన్నాయి, సర్కారుని ఓటుతో దించొచ్చు. మీ నాన్న పట్టా పాసుబుక్ మీ నాన్న పేరు మీదే ఉంది కదా, రేషన్ బియ్యం మాత్రం సర్కారు ఇస్తుంది కదా, రెండూ కలిసి ఉన్న దేశం మనది అని చెప్తే సరిపోయింది.

ఫలితం

మార్కుల సంగతి చెప్పాలంటే, రష్యా విప్లవం ప్రశ్నకి గైడ్‌లో ఉన్న పాయింట్లు మక్కీకి మక్కీ దించేవాళ్ళు బాగా తగ్గారు. యావరేజ్ పిల్లలు కూడా కారణాలు, ఫలితాలు విడివిడిగా రాశారు, ఎందుకంటే కాలమ్‌లు బుర్రలో ఉన్నాయి. అభిప్రాయం రాయమనే ప్రశ్నలో తేడా బాగా కనిపించింది. ఇదివరకు "కమ్యూనిజం పేదల కోసం పుట్టింది కావున మంచిది" అని ఒక లైన్ రాసి ఊరుకునేవాళ్ళు. ఈసారి ఒకడు రాసింది చూడండి, "భూమి పంచినప్పుడు రైతులు సంతోషించారు, ఆ భూమిని మళ్ళీ సమిష్టి క్షేత్రాలకు ఇమ్మన్నప్పుడు బాధపడ్డారు, కాబట్టి రైతుని అడగకుండా రైతు కోసం చేస్తే నష్టం జరుగుతుంది." ఏ గైడ్‌లోనూ లేదు ఇది. తెలుగు సరిగ్గా రాయడం రాని పిల్లలకి మాత్రం ఇదే పద్ధతి కష్టమే, వాళ్ళని నోటితో చెప్పించి పక్క పిల్లలతో రాయించా.

పీరియడ్లు మామూలు కంటే ఎక్కువే తీసుకుంది, అందుకే చైనా, వియత్నాం దగ్గర టైమ్ సేవ్ చేశా. అప్పటికి కాలమ్‌లు అలవాటైపోయాయి కాబట్టి గ్రూపులుగా వాళ్ళే నింపారు, 1949 విప్లవం, భూసంస్కరణ, 1959 నుంచి 1961 దాకా కోట్ల మందిని మింగిన కరువు, 1978 తర్వాత సంస్కరణలు, నేను తప్పులు దిద్దడం వరకే. వచ్చే బ్యాచ్‌కి కేరళ కూడా కలుపుతా, 1957లో ఓటుతో వచ్చిన ఈఎంఎస్ నంబూద్రిపాద్ కమ్యూనిస్టు సర్కారు, భూసంస్కరణ బిల్లు, 1959లో కేంద్రం ఆ సర్కారుని రద్దు చేయడం. అక్కడ గెలిచిన సర్కారుని మూసేసింది అవతలి వైపు, రష్యా 1918 పక్కన, నల్గొండ 1952 పక్కన దాన్ని పెడితే పిల్లలు ఏం అడుగుతారో వినాలని ఉంది. నోట్‌బుక్ పేజీ నమూనా, జిరాక్స్‌కి పనికొచ్చే పాఠాల లిస్టు కావాల్సిన టీచర్లు అడగండి, పంపిస్తా.